మన ఇంటి పాలతోనే మొదలు

నాన్నా,

చేతిరాత ఎవరిదో పోల్చుకోవడానికి నీకు కాస్త సమయం పట్టవచ్చు. ఇల్లు వదిలిన ఈ పన్నెండేళ్ళలో నీకు రాస్తున్న మొదటి ఉత్తరం ఇది. మర్యాదగా "మీరు" అని రాద్దామని ఒక కాగితం మొదలుపెట్టాను. నాలుగు వాక్యాలయ్యేసరికి అది నీకు ఉత్తరంలా కాక మా మేనేజరుకు సెలవు చీటీలా కనిపించింది. చింపేశాను. ఫోను ఉంది కదా అంటావేమో. ఫోనులో మన సంభాషణ నీకు తెలియనిదా? "బాగున్నావా" అంటావు, "ఊ" అంటాను. "పనెలా ఉంది" అంటావు, మళ్ళీ "ఊ" అంటాను. ఈలోగా అమ్మ ఫోను లాక్కుంటుంది. ఇప్పుడు నేను చెప్పబోయేది ఊ కొట్టి చెప్పే సంగతి కాదు.

ముందు మంచి కబురు చెప్తాను. మా డెయిరీ వాళ్ళు ఈ ఏడాది చిన్న పాల కేంద్రాలన్నీ ఎత్తేస్తున్నారు. మన చుట్టుపక్కల ఏడు ఊళ్ళకూ కలిపి ఒక్క ఊళ్ళో పాలు చల్లబరిచే పెద్ద ట్యాంకు పెడతారు. మిగతా ఆరు ఊళ్ళ వాళ్ళూ పాలు అక్కడికే తెచ్చి పోయాలి. ఏ ఊళ్ళో పెట్టాలన్న మీటింగుకు నన్నూ పిలిచారు. పాలు ఎన్ని వస్తాయన్న వరుసలో చూస్తే మన ఊరు కింది నుంచి రెండోది. బావులు అడుగంటాయని, బీళ్ళలో గడ్డి లేదని, సగం మంది పశువులను అమ్ముకున్నారని, బస్సు కూడా రావడం మానేసిందని ఒకాయన చదువుకుంటూ పోయాడు. వింటూ కూర్చున్నాను. తరువాత మేనేజరు పాత కాగితాలు తిరగేస్తూ ఆగిపోయాడు. "ఈ ఊరి నుంచి వచ్చిన పాలు పన్నెండేళ్ళలో ఒక్కసారి కూడా తిప్పి పంపలేదని ఉంది. నిజమేనా?" అన్నాడు. అందరూ నా వైపు చూశారు. ఇప్పుడు ఇక్కడ పాల పరీక్ష మొత్తం నా చేతి మీదుగానే జరుగుతుంది.

"నిజమే సార్" అన్నాను.

"ఎవరయ్యా అక్కడ పాలు చూసేది?"

"మా నాన్న."

ఎనిమిదేళ్ళుగా నా పక్కన పనిచేస్తున్న వాళ్ళకు కూడా ఆ సంగతి తెలియదు. ఆ రెండు మాటలూ అనడానికి నా గొంతు ఎందుకంత పెద్దదయిందో నాకే తెలియదు. ట్యాంకు మన ఊరికి వచ్చింది. నా సిఫారసు అనుకోకు, ఆ మీటింగు మొత్తంలో నేను నోరు తెరిచింది అప్పుడొక్కసారే.

మీటింగు అయ్యాక మేనేజరు నన్ను ఆపి, "మీ ఊరే కదా, ట్యాంకు బాధ్యత నువ్వే తీసుకోకూడదూ?" అన్నాడు. పదిహేను రోజుల గడువు అడిగాను. రానని చెప్పబోతున్నాను. ఎందుకు రానో నీ ఒక్కడికే చెప్పాలి. ఈ కాగితాలన్నీ అందుకే.

పాలు పారబోసిన రోజు నీ వైపు నుంచి నీకు గుర్తుండే ఉంటుంది. నా వైపు నుంచి ఎలా ఉందో నేను ఎప్పుడూ చెప్పలేదు. అంతకుముందు ఎనిమిది నెలలు మన కేంద్రం మూతబడి ఉంది. పాలలో నీళ్ళు కలుపుతున్నారని డెయిరీ వాళ్ళు వ్యాను ఆపేశారు. నువ్వు పట్నం వెళ్ళి వాళ్ళ గుమ్మం ముందు మూడు రోజులు కూర్చుని, "ఇంకొక్కసారి చుక్క నీళ్ళు దొరికితే కేంద్రం నేనే పీకేస్తాను" అని మాటిచ్చి, పాలలో నీళ్ళను పట్టిచ్చే లాక్టోమీటరు ఒకటి తెచ్చుకున్నావు. పెళ్ళికూతురిని తెచ్చినంత జాగ్రత్తగా ఆ గాజు గొట్టాన్ని తువ్వాలులో చుట్టి తెచ్చావు. నీ మీద ఎవరికీ అనుమానం రాకూడదని ఒక నియమం పెట్టావు. మన ఇంటి పాలతోనే మొదలు. ఆరు గంటలకు నలుగురి ముందు మొదట మన క్యాను, ఆ తరువాతే ఊరు. ఆ నియమం నాకెంత నచ్చిందో నీకు తెలియదు. నాకప్పుడు పంతొమ్మిదేళ్ళు. ఆ క్యాను మోసుకొచ్చేది నేనే కాబట్టి, ఊరేగింపులో ముందు నడిచినట్టు నడిచేవాణ్ణి.

కేంద్రం మళ్ళీ తెరిచిన నాలుగో రోజు తెల్లవారుజామున అమ్మ వేళ్ళు తలుపు సందులో నలిగాయి. పాలు నేను పితకాలి. ఎర్రావుకు నా చేయి అలవాటు లేదు. తన్నింది, పాలు ఎగబట్టుకుంది, దూడను రెండుసార్లు వదిలితే గానీ దారికి రాలేదు. క్యాను నిండేసరికి ఆరుకు అయిదు నిమిషాలు. మన పాలు రాకపోతే వరుస కదలదు, నలభై మంది నిలబడి ఉంటారు, నీ నియమం నీకే అడ్డమవుతుంది. నురుగు పొంగుతున్న క్యాను పట్టుకుని పరిగెత్తాను.

నువ్వు మీటరు వేశావు. ఇరవై ఆరుకు తగ్గితే నీళ్ళు కలిసినట్టు. ఇరవై నాలుగు దగ్గర ఆగింది. తీసి తుడిచి మళ్ళీ వేశావు. ఇరవై నాలుగే.

"ఎంత కలిపావు?"

"కలపలేదు నాన్నా."

"మీటరు అబద్ధం చెప్పదు."

"నేను చెప్తానా?"

క్యాను ఎత్తి, అందరూ చూస్తుండగా, గుమ్మం పక్క కాలవలో పోసేశావు. బోర్డు మీద "మా ఇల్లు – 24" అని రాసి, సాయంత్రం దాకా చెరపలేదు. మధ్యాహ్నానికే నా పేరు నీళ్ళోడు అయింది. ఆరో రోజున నేను ఊరు వదిలాను. నీళ్ళు కలిపానని అనుకున్నందుకు కాదు నాన్నా. నా మాటనూ ఆ గాజు గొట్టాన్నీ చెరో చేత్తో పట్టుకుని, ఒక్క నిమిషం కూడా తూచకుండా నన్ను కింద పడేశావు. అది మింగుడుపడలేదు.

ఇక్కడ మొదట క్యాన్లు కడిగే పనిలో చేరాను. రెండో ఏడు పరీక్ష గదిలోకి తీసుకున్నారు. అక్కడ ఒక పెద్దావిడ ఉండేది, అందరం ల్యాబు పెద్దమ్మ అనేవాళ్ళం. నోరు చాలా చెడ్డది, చెయ్యి చాలా మంచిది. డెయిరీకి వెనకాల సొంత పశువుల కొట్టం ఉంది. ఒకరోజు అక్కడ అప్పుడే పితికిన పాలు తెచ్చి మీటరు వేశాను. ఇరవై నాలుగు. పెద్దమ్మ వచ్చి చూసి నెత్తిన ఒక్కటి మొట్టింది.

"పొదుగులోంచి తెచ్చి నేరుగా ముంచుతావేంట్రా? ఆ పాలలో వేడుంది, గాలుంది. నురుగు కనపడట్లా? మీటరు మునిగిపోతుంది. అరగంట పక్కన పెట్టు, అప్పుడు వెయ్యి."

అరగంట ఆగి వేశాను. ఇరవై ఏడు. అక్కడే నేల మీద కూలబడ్డాను. "ఏడుస్తావేంట్రా, చిన్న దెబ్బేగా" అంది పెద్దమ్మ.

మిగతా వాళ్ళందరూ పాలు పితికి, వడగట్టి, కబుర్లు చెప్పుకుంటూ నడిచి వచ్చి వరుసలో నిలబడేసరికి వాళ్ళ పాలు తేరుకునేవి. పరిగెత్తుకొచ్చిందీ నేనే, వరుసలో మొదటివాణ్ణీ నేనే. మన ఇంటి పాలతోనే మొదలన్న నియమం లేకపోతే నేను దొంగనయ్యేవాణ్ణి కాదు.

ఆ సాయంత్రమే బస్టాండుకు బయలుదేరాను. ఊరందరినీ కూర్చోబెట్టి, నీ ముందే ఆవును పితికి, నీ మీటరే వేసి చూపిద్దామని. గేటు దగ్గర మన వైపు వ్యాను ఎదురైంది. క్యాన్లు దించే మేస్త్రీ అరుస్తున్నాడు. "ముందు ఆ ఊరివి దించండ్రా. వాటిని చూడక్కర్లా, కళ్ళు మూసుకుని పోసుకోవచ్చు." అతను చెప్తున్నది మన ఊరి గురించి. రెండేళ్ళ కిందట నీళ్ళ ఊరని వ్యాను ఆపేసిన ఊరి గురించి. నేను వెనక్కి తిరిగాను.

నన్ను మరీ మంచివాణ్ణి అనుకోకు. ఆ తరువాత ఏడాది పాటు మన ఊరి క్యాన్లను ఒక్కోదాన్ని మూడేసి సార్లు పరీక్ష చేశాను. ఒక్క చుక్క దొరకకపోతుందా, ఒక్క క్యాను తిప్పి పంపకపోతానా అని కాచుకు కూర్చున్నాను. నువ్వు దొరకలేదు. మొదట్లో కడుపు మండేది. తరువాత తరువాత, మన ఊరి క్యాను మూత తీస్తుంటే పక్కవాళ్ళు చూస్తున్నారో లేదోనని నేనే చుట్టూ చూసుకోవడం మొదలుపెట్టాను. గడ్డి లేని ఊరు, నీళ్ళు లేని ఊరు, నిఖార్సయిన పాలు పంపుతోంది. ఆ పాలు చూసేవాడు మా నాన్న అని అరవాలనిపించేది. నీ మీద కోపమూ పోలేదు, నువ్వంటే గర్వమూ ఆగలేదు. రెండూ ఒకే గదిలో కాపురం ఉంటే ఇంట్లో మనిషికి ఎలా ఉంటుందో ఊహించుకో.

ఇక్కడ నా పేరు అరగంట. కొత్తగా చేరిన వాళ్ళెవరైనా తొందరపడి మీటరు వేస్తే చెయ్యి పట్టుకుని ఆపుతాను కాబట్టి ఆ పేరు పెట్టారు. మేనేజరు కూడా "అరగంటను పిలవండి" అంటాడు. నాకు ఇష్టమైన పేరే.

ఇప్పుడు చెప్పు, ఎలా రాను? ఏడు ఊళ్ళ పాలు పోసే ట్యాంకు దగ్గర నీళ్ళోడు కూర్చుంటే ఎవరు నమ్ముతారు? నేను కలపలేదని రుజువు చెయ్యాలంటే నీ రీడింగు తప్పని చెప్పాలి. సొంత కొడుకునే వదల్లేదన్న మాట మీద ఆ కేంద్రం పన్నెండేళ్ళు నిలబడింది. దాన్ని నేను కూలగొట్టను. కాబట్టి వేరే ఎవరినైనా పంపమంటాను. ఊరికి ఏమీ చెప్పకు. ఎవరికీ చెప్పకు. నేను నీళ్ళు కలపలేదని నీకు తెలిస్తే చాలు. అంతకన్నా నాకేమీ అక్కర్లేదు.

అమ్మ వేళ్ళు ఇప్పటికీ చలికి నొప్పెడుతున్నాయా?

నీ కొడుకు

*

అబ్బాయికి,

నీ ఉత్తరం మంగళవారం అందింది. నీకు పదిహేను రోజులే గడువుంది కాబట్టి సూటిగా రాస్తాను.

నీళ్ళు కలపలేదని నాకు తెలిస్తే చాలన్నావు. నాకు ఆ రోజే తెలుసు. పొద్దున్న ఏడుంబావుకు తెలుసు.

తిరగ్గొట్టిన పాలలోంచి అరలీటరు సీసా తీసి పక్కన పెట్టాలి, వ్యాను వచ్చినప్పుడు దాన్ని పట్నం పంపితే వాళ్ళు మళ్ళీ చూస్తారు. అప్పటి నియమం అది. కాలవలో పోసేముందు నీ క్యానులోంచి ఒక సీసా తీశాను. నువ్వు చూడలేదు, అప్పటికే నీ కళ్ళు నా మొహం మీద ఉన్నాయి. వరుస అయిపోయాక, వ్యాను రాకముందు, ఎందుకో మనసొప్పక ఆ సీసా గ్లాసులో ఒంపి మీటరు వేశాను. ఇరవై ఏడు. చేతులు కడుక్కుని, మీటరు కడిగి, మళ్ళీ వేశాను. ఇరవై ఏడే. మీటరు పాడైందేమో అనుకున్నాను. సాయంత్రం ఎర్రావును పితికిన వెంటనే ఒకసారి, కాసేపాగి ఒకసారి చూశాను. మీ ల్యాబు పెద్దమ్మ నీకు మొట్టి చెప్పినది నాకు ఆవు చెప్పింది.

వ్యాను వచ్చినప్పుడు డ్రైవరు, "సీసా ఏమైనా ఉందా పెద్దాయనా?" అన్నాడు. జేబులో పెట్టుకుని, "లేదు" అన్నాను. ఆ సీసా పట్నం వెళ్ళి ఉంటే నువ్వు ఊరు వదిలేవాడివి కాదు. ఇంటికి వెళ్ళి ఆ పాలు దూడకు పోశాను.

ఎందుకని అడుగుతావు. నీ పాలు పారబోస్తున్నప్పుడు వరుసలో వెనకనున్న వాళ్ళలో ముగ్గురు క్యాన్లు చంకన పెట్టుకుని చప్పుడు చెయ్యకుండా ఇంటిదారి పట్టడం నేను చూశాను. కేంద్రం తెరిచి నాలుగు రోజులే. ఆ రోజున నా రీడింగు తప్పు అంటే, రేపటి నుంచి నీళ్ళు కలిపిన ప్రతివాడూ మీటరుదే తప్పంటాడు. వ్యాను మళ్ళీ ఆగుతుంది. ఈసారి ఆగితే ఊళ్ళో పశువు మిగలదు. ఒక వారం గట్టిపడనిచ్చి, అప్పుడు చెబుదామనుకున్నాను. నువ్వు ఆరో రోజున వెళ్ళిపోయావు.

ఇదంతా నిజమే. కానీ ఇది సగమే. మిగతా సగం నాకు రాయడం కష్టంగా ఉంది, అయినా రాస్తాను. సొంత కొడుకునే వదల్లేదు అని ఊరు చెప్పుకోవడం నాకు నచ్చింది. ఎక్కడికి వెళ్ళినా లేచి చోటిచ్చేవాళ్ళు. ఛాతీ విరుచుకుని తిరిగాను. నీ పేరు పాడయిన చోటే నా పేరు నిలిచింది. ఆ పేరు వదులుకోవడానికి చెయ్యి రాలేదు. ఏళ్ళు గడిచే కొద్దీ ఇంకా రాలేదు.

మీ అమ్మకు నేనేమీ చెప్పలేదు. ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. "నా కొడుకు మాట కన్నా నీ గొట్టం ఎక్కువైతే, నా ఆవు పాలు ఆ గొట్టానికి పెట్టను" అంది. పన్నెండేళ్ళుగా మన ఇంటి పాలు కేంద్రానికి రాలేదు. మొదట ఎవరి పాలతో మొదలుపెట్టాలో తెలియక, ఎవరు ముందొస్తే వాళ్ళతో మొదలుపెడుతున్నాను.

నీకు తెలియని సంగతి ఇంకొకటి ఉంది. నువ్వు వెళ్ళిన మరునాడే వడ్రంగిని పిలిచి కేంద్రం ముందు గోడ పొడవునా ఒక బల్ల వేయించాను. ఆరుకు తెచ్చిన పాలు ఆరున్నర దాకా ఆ బల్ల పక్కన పెట్టి కూర్చోవాలన్నాను. ఎందుకని అడిగితే "నా ఇష్టం" అన్నాను. తిట్టుకున్నారు. ముసలాడికి పెత్తనం తలకెక్కిందన్నారు. తరువాత అలవాటు పడ్డారు. ఆ బల్ల మీద రెండు పెళ్ళిళ్ళు కుదిరాయి, ఒక గట్టు తగాదా తెగింది, బావుల పూడిక తీయడానికి మాటా అక్కడే అయింది. అరగంట రోజూ పక్కపక్కన కూర్చోబెడితే ఎంతటి శత్రువులైనా ఏదో ఒకటి మాట్లాడుకోవాల్సిందే కదా. మీ డెయిరీ కాగితాల్లో పన్నెండేళ్ళ మంచి పేరు ఉందన్నావు. అది నా మీటరుది కాదు, ఆ బల్లది. ఊళ్ళో అందరికీ అరగంట ఇచ్చాను. నీ ఒక్కడికే ఇవ్వలేకపోయాను.

నీకు వాళ్ళు పెట్టిన పేరు చదివి, కాగితం పక్కన పెట్టి, పశువుల కొట్టంలోకి వెళ్ళి చాలాసేపు పేడ ఎత్తాను. ఎత్తాల్సినంత పేడ లేదు.

ఎవరికీ చెప్పద్దన్నావు. నీ మాట వినే అలవాటు నాకు ఎప్పుడుంది గనుక? బుధవారం పొద్దున్న అందరూ బల్ల మీద కూర్చున్నాక నీ ఉత్తరం చదివాను. ముందు రోజు మీ అమ్మకు మొత్తం చెప్పాను. సీసా సంగతి కూడా. పొయ్యి దగ్గరకు వెళ్ళింది, వచ్చింది, మళ్ళీ వెళ్ళింది. చివరకు, "చదివేటప్పుడు గొంతు తగ్గించకు. ఆ రోజు ఎంత గట్టిగా అన్నావో అంత గట్టిగా చదువు" అంది. అలాగే చదివాను. మొదటి నుంచి చివరి దాకా, నా మీద నువ్వు రాసినవీ, ఏడాది పాటు నన్ను పట్టుకోవాలని చూసినదీ, అన్నీ. ఆ తరువాత సీసా సంగతి నేను చెప్పాను. చెప్పి, మీటరు దాని పెట్టెలో పెట్టి, బల్ల మీద ఉంచి, "ఇక దీన్ని పట్టుకునే అర్హత నాకు లేదు" అన్నాను.

నీకు గుర్తుందా, గొంతు బొంగురుపోయి ఉంటుంది, బొంగురు మామ అంటాం? అందరికన్నా ముందు నిన్ను నీళ్ళోడు అన్నది ఆయనే. లేచి నిలబడ్డాడు.

"ఆ రోజు క్యాను చంకన పెట్టుకుని పారిపోయిన ముగ్గుర్లో నేనొకణ్ణి. నా క్యానులో రెండు చెంబుల నీళ్ళున్నాయి. నేను దొంగనని తెలిసిపోద్దేమోనని ఆ కుర్రాణ్ణి దొంగన్నాను. మిగతా ఇద్దరెవరో నేను చెప్పను, వాళ్ళే లేస్తారు."

ఒకడు లేచాడు. రెండోవాడు పోయి నాలుగేళ్ళయింది. అతని భార్య లేచి నిలబడింది. "మా ఆయన పోయేముందు చెప్పాడు" అంది.

అప్పుడు వెనక నుంచి ఒక అమ్మాయి, ఈ మధ్యే కాపురానికొచ్చిన కొత్త కోడలు, "అయితే మరి ఇన్నేళ్ళ రీడింగులూ తప్పేనా తాతా?" అంది. బల్ల వేసిన రోజు నుంచి ఒక్కటీ తప్పు లేదమ్మా అన్నాను. ఆ సంగతి నీకు నేను చెప్పాలా, నువ్వే మూడేసి సార్లు చూశావు కదా. కూలుతుందని భయపడి నేను పన్నెండేళ్ళుగా మోస్తున్నాననుకున్న గోడ నా మీద ఆనుకుని లేదని ఆ పూట తెలిసింది. ఒక్కరు కూడా క్యాను వెనక్కి తీసుకెళ్ళలేదు.

మీటరు పెట్టె బొంగురు మామ నా చేతిలోనే పెట్టాడు. "మీవాడు వచ్చేదాకా ఉంచు. వచ్చాక వాడికియ్యి. ఏడు ఊళ్ళ ట్యాంకు దగ్గర మనవాడు కూర్చుంటే మనకు తక్కువా?" అన్నాడు. నేను ఊరుకుని ఉండవచ్చు, ఉండలేకపోయాను. "పట్నం డెయిరీలో పాల పరీక్ష మొత్తం మావాడి చేతి మీదే నడుస్తుంది" అన్నాను. అందరికీ తెలిసిన విషయమే. మావాడు అన్న మాట మాత్రం పన్నెండేళ్ళుగా నా నోటి నుంచి ఎవరూ వినలేదు.

గురువారం పొద్దున్న, అంటే ఇవాళే, మీ అమ్మ క్యాను తీసుకుని ఆరుకు కేంద్రానికి వచ్చింది. బల్ల మీద అందరిలాగే కూర్చుంది. అరగంట సేపు రెప్ప వెయ్యకుండా నన్నే చూసింది. పెళ్ళిచూపుల్లో కూడా నాకు అంత చెమట పట్టలేదు. వరుసలో అందరూ పక్కకు జరిగి ఆమెకు దారిచ్చారు. మీటరు వేశాను. ఇరవై ఎనిమిది. చాక్‌పీసు నా చేతిలోంచి లాక్కుని, బోర్డు మీద "మా ఇల్లు – 28" అని తనే రాసింది. అక్షరాలు వంకరగా వచ్చాయి. చలికి వేళ్ళు ఇప్పటికీ నొప్పెడుతున్నాయి.

క్షమించమని అడగను. అది అడగడం నాకు రాదు, అడిగితే ఇవ్వడం నీకు రాదు, ఆ విషయంలో ఇద్దరం ఒకే మూసలోవాళ్ళం. రమ్మని మాత్రం అడుగుతున్నాను. పరిగెత్తుకుంటూ రాకు. ఈసారి నేను ఆగుతాను.

నీ నాన్న

*

నాన్నా,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు దాన్ని మళ్ళీ తెరవలేదు. పరీక్ష గదిలో ఒక గ్లాసు పగలగొట్టాను, అది కూడా కావాలనే. నీకు తెలియదన్న నమ్మకంతో ఇన్నేళ్ళలో నిన్ను ఎలాగోలా క్షమించి కూర్చున్నాను. ఇప్పుడు తెలిసే ఊరుకున్నావంటున్నావు. పని మళ్ళీ మొదటికొచ్చింది.

మూడో రోజు ఇంకోసారి చదివాను. నా ఒక్కడికి రాసి ఊరుకుంటే సరిపోయేది. నేను అడిగింది కూడా అంతే. నలభై మంది ముందు పారబోసినదాన్ని నలభై మంది ముందే ఎత్తావు, అదీ గొంతు తగ్గించకుండా. మధ్యాహ్నం క్యాన్లు దించే మేస్త్రీ మన ఊరివి వచ్చాయని కేకేస్తే వెళ్ళాను. ఒక క్యాను మీద సుద్దతో "మా ఇల్లు" అని వంకర అక్షరాలున్నాయి. మేస్త్రీ, "ఎవరిదయ్యా ఈ ఇల్లు?" అన్నాడు. "మాది" అన్నాను. ఈసారి కూడా గొంతు పెద్దదే అయింది. పక్క వ్యాన్ల వాళ్ళు తిరిగి చూశారు.

మేనేజరుకు సరేనని చెప్పాను. ట్యాంకు లారీ సోమవారం పొద్దున్న ఆరుకు ఊళ్ళోకి వస్తుంది. అందులోనే వస్తున్నాను. దిగగానే నన్ను ఏమీ అడగకు, ఏమీ చెప్పకు. ఆ బల్ల మీద నీ పక్కన అరగంట కూర్చుంటాను. అప్పటికీ కోపం ఉంటే చెప్తాను, నువ్వు విను. లేకపోతే మీటరు నా చేతికియ్యి.

అమ్మను క్యానుతో సిద్ధంగా ఉండమను. మన ఇంటి పాలతోనే మొదలు.

నీ కొడుకు,
అరగంట